కుక్కలంటే ప్రాణమన్న పెళ్ళికొడుకు

ఆ రోజుల్లో నాకొక గట్టి నమ్మకం ఉండేది: మనిషి మంచివాడో కాదో కుక్క ఇట్టే కనిపెట్టేస్తుందని. (అప్పటికి నాకు తెలిసిన కుక్క ఒక్కటే, మా బాబాయి పెంచే దొరగాడు. వాడి దృష్టిలో బిస్కెట్ పెట్టినవాళ్ళందరూ మంచివాళ్ళే.) బ్రాడీపేటలో ఒక పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్లో కూర్చునేదాన్ని. ఆదివారం వస్తే చాలు, పెదకాకాని అవతల బాబాయి వాళ్ళ ఊరెళ్ళి దొరగాణ్ణి కాలవ కట్ట మీద తిప్పుకొచ్చేదాన్ని. కాళ్ళు నొప్పెట్టని చదునైన దారి. ఒక పక్క నీళ్ళు, ఇంకో పక్క విచ్చిన పత్తిచేలు, వాటిని దాటితే కల్లాల్లో ఎర్రగా ఎండుతున్న మిరపకాయలు.

అందుకే పెళ్ళి సంబంధం వచ్చినప్పుడు కాఫీ ట్రే పట్టుకుని తలొంచుకుని రానన్నాను. "కుక్కని తిప్పుతూ మాట్లాడుకుంటాం" అన్నాను. అమ్మ నెత్తి కొట్టుకుంది. అబ్బాయి మాత్రం ఫోన్లో, "నాకు కుక్కలంటే ప్రాణమండీ" అన్నాడు.

ఇస్త్రీ మడత నలగని తెల్లచొక్కాలో వచ్చాడు. నేనేమడిగినా దొరగాడి వైపే చూస్తూ "అవునండీ" అంటున్నాడు. "వంట వచ్చా?" "అవునండీ." (ఎంత వినయమో అని మురిసిపోయాను. వంట రాదని తర్వాత తెలిసింది.)

ఇంతలో ఓ కల్లం పక్కకి చేరేసరికి కోడి కనబడింది. దొరగాడు గొలుసు లాక్కుని మిరపకాయల మీదుగా పరిగెత్తి, ఘాటుకి తుమ్ముతూ తిరిగి మా వైపే దూసుకొచ్చాడు. కాయలేరుతున్న మామ్మ ఒకావిడ, "ఓ అమ్మాయ్, కుక్కని పట్టుకో! కాయలన్నీ తొక్కేస్తంది!" అని అరిచింది. గొలుసు దొరకబుచ్చుకుని చూద్దును కదా, పెళ్ళికొడుకు పక్కన లేడు! కల్లం పక్కన ఆగున్న ట్రాక్టర్ తొట్టిలో, మిరపకాయల బస్తాల మీద నిలబడి ఉన్నాడు.

"అక్కడేం చేస్తున్నారండీ?"

"పొలాలు... చూస్తున్నానండీ" అని తుమ్మాడు.

"పొలాలు చూడ్డానికి అంత ఎత్తెక్కాలా అబ్బాయా?" అంది మామ్మ. కల్లమంతా గొల్లుమంది.

అతని మొహం మిరపపండే అయింది. "నిజం చెప్తానండీ. నాకు కుక్కలంటే చచ్చేంత భయం. చెబితే రావద్దంటారేమోనని చెప్పలేదు. మీరు వాణ్ణి కాస్త దూరంగా పట్టుకుంటే దిగుతాను. నడుస్తూ మాట్లాడుకుందాం."

నాకు నవ్వాగలేదు. నవ్వేకొద్దీ ఘాటు గొంతులోకి పోయి నేనూ తుమ్ములు అందుకున్నాను. దారి పొడుగునా ఇద్దరం తుమ్ముకోవడమే తప్ప మాటల్లేవు. బాబాయి వాళ్ళ గుమ్మంలో మా ఎర్రటి కళ్ళు చూసి అమ్మ, "అయ్యో, కుదర్లేదా?" అంది.

"కుదిరిందమ్మా" అని తుమ్మాను.

దొరగాడు ఇప్పుడు లేడు. మేమిద్దరం మాత్రం వీలైనప్పుడల్లా ఆ కట్ట మీద నడిచొస్తుంటాం. ఏ కుక్కపిల్ల ఎదురొచ్చినా ఆయన గబుక్కున నా చెయ్యి పట్టుకుంటారు. ఏదైనా ఒకటి ఎదురొస్తే బావుణ్ణనుకుంటూ నడుస్తాను నేను.