చిన్నమామ అరుపు

నా చిన్నప్పుడు మా అమ్మ ఎప్పుడూ నా చేతుల్నే కనిపెట్టుకుని ఉండేది. సంతోషమొచ్చినా, భయమేసినా నా వేళ్ళు వాటంతటవే గాల్లో ఆడేవి. నలుగురిలో ఉన్నప్పుడైతే చేతి మీద ఒక్కటి వేసి, "మామ మాదిరి చేయబాకు" అనేది.

ఆ మామ అమ్మకు ఆఖరి తమ్ముడు. మీసాలొచ్చినా మాటలు రాలేదు. బట్టల్లోనే పోసుకునేవాడు. చప్పుడెక్కువైతే తన ముంజేతిని తానే రక్తం వచ్చేలా కొరుక్కునేవాడు. చిట్టమూరు దగ్గర పల్లెలో అమ్మమ్మే ఆయనకు అన్నీ చేసేది. ఆటిజం అనే మాట అప్పుడు మాలో ఎవరికీ తెలియదు. ఊరు పిచ్చోడనేది.

పెద్దమామ నిశ్చితార్థం నాడు చిన్నమామను పశువుల కొట్టంలో పెట్టి గొళ్ళెం వేశారు. ఆడపెళ్ళివారు భోజనాలకు కూర్చోగానే మైకు మోగింది. ఆ మోతకు నేను చెవులు మూసుకుని ముందుకూ వెనక్కూ ఊగసాగాను. అంతలో గొళ్ళెం ఊడింది. తడిసిన పంచెతో, చేయి కొరుక్కుంటూ, అరుస్తూ చిన్నమామ పందిట్లోకి వచ్చేశాడు. విస్తళ్ళ ముందు నుంచి జనం లేచిపోయారు. దయ్యం దిగేలా కొట్టాలి, వేపమండ తెమ్మన్నారెవరో. పెళ్ళికూతురి మేనత్త నావైపు చూసి, "ఈ పిల్లకీ అదే తగులుకున్నట్టుందే" అంది.

"మా పిల్ల వాడి మాదిరి కాదు. క్లాసులో ఫస్టు" అంది అమ్మ. నా చేతుల్ని చెవుల మీంచి లాగేసింది.

అమ్మమ్మ వచ్చి మైకు వైరు పీకేసింది. మామను తిట్టలేదు, లోపలికి లాగలేదు. అరుపు తగ్గేదాకా పక్కనే నేల మీద ఊరికే కూర్చుంది. తర్వాత దుప్పటి చాటు పెట్టి, కాళ్ళు కడిగి పొడి పంచె కట్టింది.

"వాడేం తప్పు చేసినాడని కొట్టేది? ఆ మోత ఓర్చుకోలేకపోయినాడు. ఈ బిడ్డా ఓర్చుకోలేకపోయింది. ఇది చదువుతాది కాబట్టి మంచిది, వాడు పోసుకున్నాడు కాబట్టి దయ్యమా?"

నన్ను తీసుకెళ్ళి మామ పక్కన కూర్చోబెట్టింది. ఇద్దరం ఊగుతూ కూర్చున్నాం. ఎవరూ ఆపలేదు.

సంబంధం తప్పిపోయింది. పెద్దమామ అమ్మమ్మతో మాట్లాడటం మానేశాడు. మరుసటి వానాకాలం చిన్నమామకు కడుపులో ఏదో బాధ మొదలైంది. చెప్పుకోలేడు. అరిచాడు, కొరుక్కున్నాడు. ఎప్పుడూ ఉండేదే కదా అనుకున్నారు. ఇది వేరని అమ్మమ్మ ఒక్కతే పోరింది. నెల్లూరు ఆసుపత్రికి చేర్చేసరికి ఆలస్యమై, చిన్నమామ పోయాడు. పీడ వదిలిందన్నారు ఊళ్ళోవాళ్ళు.

నాకిప్పుడు అరవై దాటాయి. నాకున్నదీ ఆటిజమేనని డాక్టరు చెప్పి కొన్నేళ్ళయింది. ఆసుపత్రి వరండాలోనో, బస్సులోనో ఎవరి బిడ్డయినా తల బాదుకుంటూ అరుస్తుంటే చుట్టూ ఉన్నవాళ్ళు మొహాలు తిప్పుకుంటారు. నేను లేచి వెళ్ళి ఆ తల్లి పక్కన కూర్చుంటాను. ఓదార్చడం నాకు చేతకాదు. బిడ్డకు ఎక్కడైనా నొప్పి ఉందేమో చూడమ్మా అని మాత్రం అంటాను.