మా మరిది పాట ఏ జాతిది?

మా మరిది రొయ్యల చెరువులు చూసుకుంటూ, మిగతా సమయంలో ల్యాప్‌టాప్ మీద పాటలు కడతాడు. పాటలంటే మాటలుండవు, పాడేవాళ్లుండరు. చెరువు నీళ్లకి గాలి అందించడానికి తిరిగే ఏరియేటర్ల చప్పుడుని ఫోన్‌లో రికార్డు చేసి, సాగదీసి, కత్తిరించి, కింద ఒక దబ్‌దబ్ కలుపుతాడు. రాజోలు పక్కన మా ఊళ్లో ఇలాంటి పని చేసేవాడు అతనొక్కడే కాబట్టి దానికి పేరు పెట్టవలసిన అవసరం చాలాకాలం ఎవరికీ రాలేదు. మా అత్తగారు "వాడి మోత" అనేవారు. అందరికీ అర్థమయ్యేది.

దాన్ని ఇంటర్నెట్‌లో పెట్టబోయిన రోజున గొడవ మొదలైంది. ఆ సైటు ముందు సంగీతం రకమేమిటో చెబితే గానీ పాట తీసుకోదట. నేను కాలేజీకి బయల్దేరబోతూ క్యారేజీ సర్దుకుంటుంటే వంటింటి గుమ్మంలో వచ్చి నిలబడ్డాడు.

"వదినా, దీన్ని టెక్నో అంటారా, హౌస్ అంటారా?"

"రెండింటికీ తేడా ఏవిటి?"

చెప్పడం మొదలుపెట్టాడు. నా బస్సు వెళ్లిపోయింది. తేడా మాత్రం తెలియలేదు.

నేను జంతుశాస్త్రం పాఠాలు చెప్తాను. పేర్లంటే నాకు గౌరవం. వెనామీ రొయ్యకీ టైగర్ రొయ్యకీ తేడా తెలియనివాడు చెరువు పెట్టలేడు. అందుకే, "ఏదో ఒకటి పెట్టు, తప్పయితే తెలిసినవాళ్లే దిద్దుతారు" అన్నాను. తెలిసినవాళ్లు దిద్దితే ఎలా ఉంటుందో నాకప్పటికి తెలియదు.

టెక్నో అని పెట్టాడు. మర్నాటికల్లా ఆ సైటులో టెక్నో వాళ్ల గ్రూపులోకి దేశదేశాల నుంచి పండితులు దిగేరు. ఇది టెక్నో కాదన్నాడొకడు. యాంబియెంట్ అనడానికి కుదురు చాలదన్నాడు ఇంకొకడు. మూడోవాడు డబ్ టెక్నో అని ఒప్పుకుంటూనే, అందులో డబ్ తక్కువైందని పెదవి విరిచాడు. పాట బాగుందో బాగోలేదో మాత్రం ఒక్కరూ చెప్పలేదు. పెళ్లి భోజనాల్లో పక్కన కూర్చున్న పెద్దమనిషి మన పేరు, ఊరు, ఉద్యోగం అన్నీ అడిగాక కూడా, "ఇంతకీ మీరేవిట్లండీ?" అని మన కులం తేల్చుకునేదాకా ముద్ద మింగలేడు చూడండి, అదే ఆత్రం. అది మా కోనసీమ సొత్తనుకునేదాన్ని. ప్రపంచమంతా ఉందని తెలిసి కొంచెం ఊరట కలిగింది.

మా మరిది మాత్రం అన్నం మానేసి వాళ్లందరికీ జవాబులు రాశాడు. మూడుసార్లు రకం మార్చి, చివరికి డబ్ టెక్నో దగ్గర ఆగాడు. పాటలో ఒక్క చప్పుడు మార్చలేదు.

అలా ఉండగా గోదావరి ఒడ్డున ఒక రిసార్టులో సంగీతం పండగ చేస్తున్నామని హైదరాబాదు నుంచి ఫోనొచ్చింది. ఫోన్ చేసిన అమ్మాయి నమస్కారం కూడా చెప్పకుండా, "మీ జానర్ ఏంటండీ?" అంది.

"మీకేం కావాలండీ?" అన్నాడు మా మరిది.

"సాయంత్రం స్లాటుకి డౌన్‌టెంపో కావాలండీ."

"ఆయ్, మాది అదేనండి."

ఫోన్ పెట్టేశాక అడిగాను. "నిన్నటిదాకా టెక్నో కోసం ప్రాణాలిచ్చావు కదా?"

"అది గ్రూపులో వదినా. ఇది స్టేజీ" అన్నాడు. ఎన్నికల ముందు మా ఊరి నాయకులు కూడా ఇంత తేలిగ్గా పార్టీ మారలేరు.

పండగ రోజు సాయంత్రం మా ఇంటిల్లిపాదీ వెళ్లాం. రిసార్టు యజమాని మావగారికి తెలిసినవాడు కావడంతో చుట్టుపక్కల రొయ్యల రైతుల్ని పిలిచి ముందు వరసలో కూర్చోబెట్టాడు. వెనక పట్నం పిల్లలు. నా పక్కన గడ్డం పెంచిన ఒకాయన, అడక్కుండానే నాకు విడమర్చి చెప్పడం మొదలుపెట్టేరు. "ఇది ఆర్గానిక్ డౌన్‌టెంపో అండీ. వినండి, గోదావరి గుండె కొట్టుకుంటోంది."

కొట్టుకుంటున్నది మా రెండో చెరువు ఏరియేటరు. దాని రెక్క ఒకటి వంగి ఉంది, ఆ టకటక అదే. కానీ ఆయన కళ్లు మూసుకుని ఉన్నారు, ఆ తన్మయత్వం చెదరగొట్టడం బాగుండదని ఊరుకున్నాను.

ఈ పాటల్లో ఒక పద్ధతి ఉందట. మోత పెంచుకుంటూ పోయి, హఠాత్తుగా అంతా ఆపేసి, జనాన్ని ఊపిరి బిగబట్టేలా చేసి, మళ్లీ ఒక్కసారి వదలాలి. మా మరిది అలాగే ఆపేశాడు.

ముందు వరస మొత్తం లేచి నిలబడింది.

"కరెంటు పోయింది! జనరేటరు వెయ్యండ్రా!" అని అరిచేరు మావగారు. ఇంకొకాయన అప్పటికే చెరువు కాపలావాడికి ఫోన్ చేసి తిడుతున్నారు. ఇద్దరు మోటారు సైకిళ్ల వైపు పరిగెత్తేరు. ఏరియేటరు ఆగితే నీళ్లలో గాలి చాలక రొయ్య చచ్చి తేలిపోతుంది. ఆ చప్పుడు ఆగడమంటే వాళ్లకి సంగీతం కాదు, సర్వనాశనం. స్టేజీ మీద లైట్లన్నీ వెలుగుతున్నాయన్న సంగతి ఎవరికీ తట్టలేదు.

అంతలో మోత మళ్లీ అందుకుంది. గడ్డం ఆయన లేచి చప్పట్లు కొట్టేరు. "ఆడియన్స్‌ని ఇలా భాగం చేసుకోవడం అద్భుతం!" వెనక పిల్లలు కూడా ముందు వరస వాళ్లది నాట్యమనుకుని లేచి ఎగిరేరు.

ఇంటికొచ్చాక మావగారు కొడుకుని నిలబెట్టి కడిగేశారు. "ఆ చప్పుడు ఆగితే నా గుండె ఆగుద్ది. తెలిసి తెలిసి ఆపుతావా? దాన్ని పాటంటావా?"

మా మరిది తల వంచుకున్నాడు గానీ మొహం వెలిగిపోతోంది. ఆ గ్రూపులో పండితులెవరూ అతని పాట విని అంతవరకూ కుర్చీలోంచి లేవలేదు మరి.

ఆ తర్వాత పట్నం వాళ్లు అతని పోస్టర్ మీద 'ఆక్వా టెక్నో' అని వేశారు. ఆ మాట కనబడకుండా అతను ఇంట్లో పోస్టర్‌ని గోడవైపు తిప్పి పెట్టేడు. అయినా ఆ పేరుతోనే పిలుపులొస్తున్నాయి, ఆ పేరుతోనే వెళ్తున్నాడు. ఒక్క సంగతి మాత్రం నేను ఒప్పుకోవాలి. వియత్నాంలో రొయ్యలు పెంచే ఒకతను డబ్ టెక్నో అని వెతుక్కుంటూ వచ్చి మా మరిదిని పట్టుకున్నాడు. ఇప్పుడిద్దరూ వాళ్ల వాళ్ల చెరువుల చప్పుళ్లు ఒకరికొకరు పంపుకుంటారు. ఆ పేరే లేకపోతే అతను మా ఊరు చేరేవాడు కాదు. ఇల్లు వెతుక్కోవడానికి డోర్ నంబరు కావాలి. కానీ ఇంట్లోకొచ్చి కూర్చున్నాక కూడా నంబరు గురించే మాట్లాడేవాళ్లకి కాఫీ ఎందుకివ్వాలన్నదే నా బాధ.

మొన్న కొత్తపేట నుంచి మా బంధువులు వచ్చేరు. కూతురి పెళ్లి ఊరేగింపుకి డీజే మా మరిదే కావాలన్నారు. తను డీజే కాదని, తను చేసేది వేరని, అందులో ఎన్ని రకాలున్నాయో, తనది ఏ రకానికి దగ్గరో అతను చాలా ఓపిగ్గా వివరించేడు. వాళ్లూ అంతే ఓపిగ్గా విన్నారు.

"ఆయ్, అలాగేనండి. మరి స్పీకర్లు మీరే తెచ్చుకుంటారా, మమ్మల్ని చూడమంటారా?" అన్నారు.

వెళ్లేడు. వాళ్లు అడిగిన సినిమా పాటలే వేసేడు. వచ్చేక ఎలా జరిగిందని అడిగితే, పనసపొట్టు కూర చాలా బాగుందన్నాడు.