గీత దగ్గర ఆగే చెయ్యి

నలభై ఆరేళ్ళ వయసులో తెల్ల బెల్టు కట్టుకుని పదేళ్ళ పిల్లల వరుసలో నిలబడే మనిషికి సిగ్గు ఉండకూడదు. కటింగ్ మాస్టారికి ఉంది. కానీ దాన్ని చెప్పులతో పాటు కరాటే క్లాసు గుమ్మం బయటే వదిలేసేవాడు. ఇరవై ఎనిమిదేళ్ళుగా టైలరింగ్ షాపులో చొక్కాలు కత్తిరిస్తున్నవాడు, ఎవరి కొలతలైనా కంటిచూపుతోనే చెప్పగలడు. తన నడుము సంగతి మాత్రం ఆ బెల్టు కొసలు ముడికి అందనప్పుడే తెలిసింది.

అదే క్లాసులో కూతురిది పచ్చ బెల్టు. పన్నెండేళ్ళ పిల్ల. కింది బెల్టు వాళ్ళు పై బెల్టు వాళ్ళకి వంగి నమస్కరించాలన్నది అక్కడి నియమం. పొద్దున "హోంవర్క్ చేశావా?" అని గద్దించిన తండ్రి, సాయంత్రం ఆరింటికల్లా ఆ పిల్లకే వంగేవాడు. ఆమె కూడా ఏమాత్రం నవ్వకుండా పెద్దమనిషిలా తలూపేది.

నిజానికి ఆయనకి గుద్దుల మీద మోజేమీ లేదు. క్లాసు నుంచి ఇంటికి ఇరవై నిమిషాల నడక. ఇంట్లో తలుపేసుకుని కూర్చునే పిల్ల ఆ దారిలో మాత్రం నోరు మూయదు. ఆ ఇరవై నిమిషాల కోసమే చేరాడు. భార్యతో మాత్రం "షుగర్ తగ్గుతుందట" అన్నాడు.

ఇప్పుడు ఆ నడకకే ఎసరు వచ్చింది. పసుపు బెల్టు కావాలంటే చెక్క పలకని ఒక్క గుద్దుతో విరగ్గొట్టాలి. రెండుసార్లు తప్పాడు. మూడోసారీ తప్పితే పొద్దున ఐదున్నరకి జరిగే పెద్దవాళ్ళ బ్యాచ్‌లోకి మార్చేస్తానని కోచ్ తేల్చి చెప్పాడు.

దాంతో పట్టుదల పుట్టుకొచ్చింది. షాపు వెనక గదిలో గుడ్డపీలికలు కూరిన గోనెసంచి వేలాడదీసి, దాని మీద సుద్దతో అడ్డగీత గీసి, మధ్యాహ్నం పూట వంద గుద్దులు మొదలుపెట్టాడు. భుజం వదులుగా ఉంచమన్నాడు కోచ్, ఉంచాడు. నడుం తిప్పమన్నాడు, ఉన్నదంతా తిప్పాడు. తగిలే క్షణంలోనే పిడికిలి బిగించి, విసిరినంత వేగంగా వెనక్కి లాగాడు. వేగం నిజంగానే వచ్చింది. సంచి మాత్రం కదలలేదు.

పక్కనే కాజాలు కుడుతున్న భార్య తలెత్తి చూసింది. "దానికి దెబ్బ తగుల్తోందా, గాలి తగుల్తోందా?"

"గుడ్డలు ఎక్కువ కూరాను," అన్నాడు గంభీరంగా.

ఒకరోజు కూతురు వచ్చి, కాసేపు చూసి, పసిగట్టేసింది. "నాన్నా, నువ్వు గీత దగ్గరే ఆగిపోతున్నావు. దాటి లోపలికి పోవాలి."

దాటడమా! కత్తెర సుద్దగీతని నూలుపోగంత దాటినా చొక్కా పాడైపోతుందని భయపడుతూ బతికిన చెయ్యి అది. గీత తుడిపేశాడు. చెయ్యి తనంతట తానే మరో గీత ఊహించుకుని, బుద్ధిగా అక్కడ ఆగింది. ఇంత క్రమశిక్షణ చదువులో ఉంటే కలెక్టర్ అయ్యేవాణ్ణి కదా అని తిట్టుకున్నాడు.

పరీక్ష రోజు పలక పట్టుకోవాల్సింది పై బెల్టు వాళ్ళు. కూతురే ముందుకొచ్చింది. పలక అంచుల మీద ఆ పిల్ల వేళ్ళు కనిపించాయి. మాస్టారు గొంతు చించుకుని అరిచి గుద్దాడు. పిడికిలి పలకకి వెంట్రుకవాసి దూరంలో నిలిచిపోయింది.

"గట్టిగానే పట్టుకున్నా నాన్నా. కొట్టు," అంది మెల్లగా.

రెండో గుద్దు ఇంకా వేగంగా వెళ్ళి, ఇంకా అందంగా ఆగింది.

"ఇంత కచ్చితంగా ఆపడం నాక్కూడా రాదండీ," అన్నాడు కోచ్, కాగితం మీద 'ఫెయిల్' అని రాస్తూ.

కూతురు వెనక ఆగి కోచ్‌తో ఏదో మాట్లాడి వచ్చింది. ఇంటిదారిలో మాస్టారే వాగాడు. పలకకి ప్రాణభిక్ష పెట్టానన్నాడు. ఇక ఈ వీధిలో దొంగలు నిశ్చింతగా నిద్రపోవచ్చన్నాడు. కూతురు నవ్వలేదు. ఇదే ఆఖరి నడక అన్న దిగులు ఆయన్ని ఒక్కసారిగా కమ్ముకుంది.

"రేపట్నుంచి నాదీ పొద్దుటి బ్యాచే. కోచ్‌కి చెప్పేశా," అంది.

"ఏడింటికి లేపితేనే ఇల్లు పీకి పందిరేస్తావు. ఐదింటికి లేస్తావా?"

"లేస్తా. ఇంట్లో నువ్వు నాతో మాట్లాడవుగా నాన్నా."

మాస్టారు ఆమె భుజం మీది సంచీ అందుకుని తన భుజాన వేసుకున్నాడు.