వేర్లతో పీక్కొచ్చిన టమోటా మొక్క

మదనపల్లెలో పురుగుమందుల అంగడి పెట్టిన అగ్రికల్చర్ బీయస్సీని నేనొక్కణ్ణే అని చాలాకాలం చెప్పుకున్నాను. నిజానికి మా బజారులోనే ఇంకో ఇద్దరుండేవాళ్లు.

రైతులు తెగులు తగిలిన ఆకును తువ్వాలు కొసకు ముడేసుకొని వచ్చేవారు. నేను దాన్ని ఎండకెత్తి చూసి, తలాడించి, సీసా తీసేవాణ్ణి. ఆకు కూడా అక్కర్లేదు, రైతు మొహం చూసి మందు చెబుతాననే పేరు నాకు ఉండేది. ఆ పేరు పుట్టించింది నేనే. ఏ మందు ఎక్కువ మిగిలిపోయి ఉంటే నా చెయ్యి దాని మీదికే పోయేది.

నాతో చదివినవాడొకడు తొంభైలలోనే కుప్పం దగ్గర ఒక స్వచ్ఛంద సంస్థలో చేరాడు. పేడ ఎరువు, వేపపిండి, రైతుల మీటింగులు, ఇదీ వాడి ఉద్యోగం. పుంగనూరు పల్లెలదాకా పాత మోపెడ్ మీద తిరిగేవాడు. "డిగ్రీ సదివి పేడ కలుపుతాండాడప్పా" అని అంగట్లో అందరినీ నవ్వించేవాణ్ణి. ఆ ఉద్యోగానికి ముందు నన్నే పిలిచారనీ, నేనే కాదన్నాననీ చెప్పేవాణ్ణి. పిలిచిన మాట నిజమే. చేనులోకి దిగి మట్టి చేతిలోకి తీసుకోమన్నారు. ఇస్త్రీ ప్యాంటుతో గట్టు మీదే నిలబడ్డాను. కాదన్నది వాళ్లు.

రెండువేలు దాటాక ఒకనాడు, నా దగ్గరే మందులు కొనే పుంగనూరు రైతు కూతుర్ని వెంటబెట్టుకొని వచ్చాడు. ఆ పిల్లకు మేం చదివిన బీయస్సీలోనే సీటొచ్చింది. చేతిలో ఆకు లేదు. వేర్లతో పీకిన టమోటా మొక్క ఉంది. మట్టి నా గాజుబల్ల నిండా రాలింది.

"ఆకు తెస్తే సాలదామ్మా? సేనంతా ఎత్తుకొచ్చినావే!"

"కుప్పం సారు వేర్లు సూడమన్నాడు సార్. బుడిపెలుండాయి సూడండి, నులిపురుగంట. ఆకుల మీద ఎంత కొట్టినా పోదంట."

వాళ్ల నాయన అప్పటికి నా మందు మూడుసార్లు కొట్టి ఉన్నాడు.

"అది పోనీలేప్పా," అన్నాడు. "ఈ సదువు సదివితే ఏం పనులుంటాయో నువ్వు సెప్పు. ఇది కుప్పం సారు మాదిరే సేస్తానంటాంది."

ఇన్నేళ్లు నా అంగడికి వచ్చిన మనిషి బిడ్డ, వాడి మాదిరి కావాలంటుందా! బ్యాంకులో ఫీల్డ్ ఆఫీసరు, వ్యవసాయ శాఖ, విత్తనాల కంపెనీ, అన్నీ నాకొస్తే వదిలేసినట్టు చెప్పుకొచ్చాను. ఆ ఉద్యోగాలకు రాసిన పరీక్ష ఒక్కటీ గట్టెక్కలేదని చెప్పలేదు.

"వాడంటావా, ఆ పని మానేసి బెంగళూరికి పొయినాడమ్మా," అని కూడా అనేశాను.

"మొన్న శనివారం మా సేనికొచ్చినాడే సార్?"

"నిన్ననే పొయినాడు."

"అయితే అడుగుదాం ఉండు," అని రైతు నా అంగడి ఫోనే తీసి కూతురి చేతికిచ్చాడు. ఆ పిల్ల కుప్పం ఆఫీసు నంబరు తిప్పింది. అవతల ఎత్తింది వాడే. ఎక్కణ్ణుంచి చేస్తోందో చెప్పి, చదువు సంగతి అడిగింది. కాసేపు విని ఫోను పెట్టేసింది.

"కాలేజీలో మీరే ఫస్టంట గదా సార్. తెగుళ్ల సంగతి తనకంటే మీకే బాగా తెలుసంట. ఏం సదవల్లో మిమ్మల్నే అడగమన్నాడు."

రైతు మీసాల్లో నవ్వాడు. "సెప్పప్పా, బెంగళూరాయన సెప్పమన్నాడు గదా."

వాడు నన్ను నాలుగు తిట్టి ఉంటే హాయిగా నిద్రపోయేవాణ్ణి. "సెలవుల్లో పోయి వాడి దగ్గర పని నేర్సుకోమ్మా" అన్నాను. పెద్దమనసుతో దారి చూపించానని తర్వాత బజారంతా చెప్పాను. ఆ పిల్ల నా కళ్లలోకే చూస్తుంటే నోట్లోంచి ఇంకో అబద్ధం రాలేదు, అంతే.

చదువయ్యాక ఆమె వాడి సంస్థలోనే చేరింది. పుంగనూరు పల్లెల్లో రైతులు ఆమె కోసం ఎదురుచూస్తారని విన్నాను. అంతకుముందు ఒక్కడి మీదే కుళ్లుకునేవాణ్ణి.