అన్నయ్య బండికి ప్లగ్గులు

ఇంజనులోంచి స్పార్కు ప్లగ్గు ఊడదీయగానే ఆమె దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్తుంది. షెడ్డులో లైటు వెలుగుతున్నా సరే. కొసను తాకదు. రెండు వేళ్ళ మధ్య నట్టు భాగాన్ని పట్టుకుని, పగటి వెలుగులో మెల్లగా ఒక చుట్టు తిప్పుతుంది. ఒకసారి వాసన చూస్తుంది. దాన్ని కిటికీ గట్టు మీద నిలబెట్టి రెండోదానికి వెళ్తుంది. నాలుగూ వరసగా నిలబడేదాకా పెదవి విప్పదు. బండి తెచ్చినవాళ్ళు ఈలోగా ఏమడిగినా గోడకు చెప్పుకున్నట్టే.

అందుకే అన్నయ్య ఆమెను జడ్జిగారూ అంటాడు. వీధిలోవాళ్ళకు ఆమె షెడ్డక్క.

ఈ రిపేరు షెడ్డు వాళ్ళ తండ్రి పెట్టింది. ఇంటి కింది భాగమంతా అదే. పైన అన్నయ్యా వదినా ఉంటారు, వెనక గదిలో ఆమె. చిన్నప్పటినుంచీ అన్నయ్య నడిపేవాడు, ఆమె బాగుచేసేది. ఎవరూ అలా పంచిపెట్టలేదు, అలా కుదిరింది. పెళ్ళి మాట ఎత్తినవాళ్ళతో, ముందు ఈ గేర్‌బాక్సు సంగతి చూడనివ్వండి అనేది. దాని తర్వాత ఇంకో గేర్‌బాక్సు వచ్చింది.

షెడ్డు చివర పాత కారు ఒకటి ఉంది. రెండే సీట్లు, పైకప్పు లేదు, ముదురాకుపచ్చ రంగు. పందేల కోసం పుట్టిన బండి. వయసులో ఉన్నప్పుడు అన్నయ్య దాన్ని ఊరవతల కొండదారి మీద పందేల్లో ఎక్కించేవాడు. ఒకసారి సగం దారిలో పిస్టన్‌కు చిల్లు పడింది. వేసిన ప్లగ్గులు ఆ వేగానికి తగినవి కావు. కొసలు ఎర్రగా కాలి, లోపల పిస్టన్‌ను కరిగించాయి. ఇద్దరూ బండిని కిందిదాకా పట్టి దించారు. తండ్రి ఒక్క మాట అనలేదు. తిట్టి ఉంటే బాగుండేదని ఇద్దరికీ అనిపించింది. ఆ రోజునుంచి ఈ బండికి చల్ల ప్లగ్గులు తప్ప వేయలేదు. వాటి మీది నంబరు అన్నయ్యకు ఇంటిపేరు లాంటిది.

ప్లగ్గుల్లో చల్లవీ వేడివీ ఉంటాయి. చల్లదానికి కొసలోని పింగాణీ పొట్టి. అది వేడిని తొందరగా వదిలేస్తుంది, వేగంగా పోయే బండిని కాపాడుతుంది. వేడిదానికి పింగాణీ పొడుగు. అది వేడిని పట్టి ఉంచుకుని, తన మీద పేరుకున్న మసిని తానే కాల్చుకుంటుంది. నిదానంగా పోయే బండికి అది కావాలి.

ఈ మధ్య బండి దగ్గడం మొదలుపెట్టింది. ఒక సాయంత్రం నాలుగు రోడ్ల కూడలిలో ఆగిపోయింది. వెనకనున్న బస్సు డ్రైవరు హారను కొట్టలేదు. తల బయటపెట్టి, "తాతగారూ, మీరే దిగి తోస్తారా, నన్ను బస్సుతో తోయమంటారా?" అని అడిగాడు. బస్సంతా నవ్వింది.

ఆ పూట అన్నయ్య భోజనం సగంలోనే లేచాడు. మర్నాడు, ఇంజను పని అయిపోయిందనీ బండి అమ్మేస్తున్నాననీ చెప్పాడు. కొనేవాడు కూడా దొరికాడు. కొత్తగా హోటలు కట్టినాయన. ఇంజను తీయించేసి, రంగు వేయించి, ముందు హాల్లో నిలబెడతాడట. వచ్చినవాళ్ళు ఎక్కి కూర్చుని ఫొటోలు దిగుతారట. శనివారం పొద్దున లారీ వస్తుంది.

ఆమె వాదించలేదు. ఆ ఇంజనును ఎన్నిసార్లు విప్పి బిగించిందో ఆమె చేతులకే తెలుసు. అది చచ్చిపోయిందంటే ఆమె నమ్మలేదు. శనివారంలోగా అది బతికే ఉందని చూపించాలి. చూపిస్తే బండి ఉంటుంది, లేకపోతే పోతుంది.

కార్బురేటర్లు విప్పి కడిగింది. వైర్లు మార్చింది. కాయిల్ చూసింది. ఎక్కడా దోషం లేదు. పాత నంబరువే కొత్త ప్లగ్గులు వేసి, అన్నయ్యను ఒకసారి బజారుదాకా వెళ్ళి రమ్మంది. వచ్చాక ఊడదీసి కిటికీ గట్టు మీద నిలబెట్టింది. నాలుగూ నల్లగా ఉన్నాయి. పొడి మసి, వేలికి కాటుకలా అంటింది.

ఆమె వాటిని చాలాసేపు చూసింది. తర్వాత పైకి వెళ్ళి, అన్నయ్య బండి ఎలా నడుపుతున్నాడని వదినను అడిగింది.

వదిన బట్టలు మడతపెడుతోంది. "ఆయన పక్కన కూర్చుని నేను ఊలు అల్లుకుంటాను, అమ్మాయ్. ఒక్క కుట్టు తప్పదు. మొన్న మమ్మల్ని దాటిపోయింది ఏమిటనుకున్నావ్? పాలసైకిలు." ఒక చొక్కా మడిచి పక్కన పెట్టింది. "ఈయనేమో, గట్టిగా పట్టుకో అన్నారు నాతో."

ఇద్దరూ నవ్వారు. వదినే ముందు ఆపింది.

గురువారం ఆమె పాత సామాన్ల కొట్టుకు వెళ్ళింది. కొట్టాయన ఆమెను చూడగానే ఎప్పటి పెట్టె తీయబోయాడు. అది కాదంది. రకరకాలవి బల్ల మీద పరిపించి, తన జేబులోని పాత ప్లగ్గు పక్కన ఒక్కొక్కటీ నిలబెట్టి చూసింది. ఇంజనులోకి బిగిసే మర పొడుగు ఒక్కలాగే ఉండాలి, ఎక్కువైతే లోపల పిస్టన్‌కు తగులుతుంది. సరిపడనివి తీసేసి, మిగిలినవాటిలో పింగాణీ కొలతలు చూసింది. ఒక మెట్టు వేడిది తీసి పక్కన పెట్టింది. అన్నయ్య నడకకు అదీ చాలదు. రెండు మెట్ల వేడివి నాలుగు తీసుకుంది. మీ అన్నగారు ఒప్పుకున్నారా అని కొట్టాయన అడిగాడు. ఇంకా లేదంది.

చెప్పకుండా బిగించేయొచ్చు. అన్నయ్య ఇప్పుడు బానెట్టు ఎత్తి చూడడు. బండి చక్కగా నడుస్తుంది, ఆయన మర్యాదా నిలుస్తుంది. దారిలో ఆమెకు ఆ ఆశ కలగకపోలేదు. కానీ ఏదో ఒక రోజు పాత హుషారు వచ్చి, చల్లవే ఉన్నాయన్న ధైర్యంతో కొండ మీద ఎక్సిలరేటరు తొక్కిపట్టాడంటే, మళ్ళీ చిల్లు పడుతుంది. ఈసారి ఈ వయసులో, ఆ మలుపుల్లో. నడిపేవాడికి తెలిసి తీరాలి.

శుక్రవారం మధ్యాహ్నం ప్లగ్గు ఒకటి తెచ్చి అన్నయ్య చేతిలో పెట్టింది. ఆయన నంబరు చదివి తిరిగి ఇవ్వబోయాడు.

"మర్చిపోయావా ఆ రోజు?"

"మర్చిపోలేదు. అప్పుడు నువ్వు నడిపిన నడకకు వేడివి తప్పు. ఇప్పుడు నువ్వు నడిపే నడకకు చల్లవి తప్పు."

"ఇప్పుడు ఎలా నడుపుతున్నాను?"

"మెల్లగా, అన్నయ్యా."

"ఎవరు చెప్పారు? మీ వదినా?"

"నాలుగు ప్లగ్గులూ చెప్పాయి. వదిన సాక్ష్యం."

ఆయన మొహం ఎర్రబడింది. బండి తీయమన్నాడు. పాత ప్లగ్గులతోనే, కొండదారికే వెళ్దామన్నాడు. ఆమె మసి తుడిచి వాటినే బిగించి, కొత్తవీ పానానూ జేబులో వేసుకుని పక్కన కూర్చుంది.

కొండ మొదట్లో ఆయన గట్టిగానే తొక్కాడు. ఇంజను గొంతు విప్పింది. ఆమెకు ఒక్క క్షణం తన లెక్క తప్పేమో అనిపించింది, తప్పితే బాగుండుననీ అనిపించింది. మొదటి మలుపు కనబడింది. మలుపు ఇంకా చాలా దూరంలో ఉండగానే ఆయన కాలు పైకి లేచింది. రెండో మలుపుకు ఇంకా ముందే లేచింది. ఆ తర్వాత బండి దగ్గుతూ ఎక్కింది. పైన రోడ్డు పక్క ఆపాడు. స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచాడు.

"తొక్కుదామనే అనుకున్నాను," అన్నాడు. "కాలు వినలేదు."

ఇంజను చల్లారాలి. వేడి మీద ప్లగ్గు తీస్తే మర పాడవుతుంది. ఇద్దరూ రాతిగట్టు మీద కూర్చున్నారు. కింద ఊరు, కప్పులు, నీళ్ళ ట్యాంకులు. కాసేపటికి ఆయనే లేచి, బానెట్టు మీద అరచెయ్యి ఆనించి చూశాడు.

"మార్చు."

ఆమె ఒక్కొక్కదాన్నీ ముందు చేత్తోనే తిప్పింది, బిగుతు తగిలాకే పానా పెట్టింది. ఇకనుంచి ఎక్కుడులో తొక్కి పట్టొద్దని, ఎంత హుషారు వచ్చినా పెడలు సగం దాటించొద్దని చెప్పింది.

"చిత్తం, జడ్జిగారూ," అన్నాడు.

దిగివచ్చేసరికి రోడ్లు కిక్కిరిసి ఉన్నాయి. ఆయన తన నడకనే నడిపాడు. నాలుగు రోడ్ల కూడలిలో చాలాసేపు ఆగాల్సి వచ్చింది. ఇంజను మెల్లగా తిరుగుతూనే ఉంది, ఒక్కసారీ తడబడలేదు. లైటు మారింది, బండి కదిలింది. ఇంటికొచ్చి బండిని షెడ్డులో పెట్టి తాళంచెవి తీశాక, హోటలాయనకు మాట ఇచ్చేశానే, నాకు మొహం చెల్లదు అన్నాడు. నేను చెప్తానంది.

మర్నాడు పొద్దున లారీ వచ్చింది. ఆమె వాకిట్లోనే నిలబడి ఉంది. బండి అమ్మడం లేదని, ఈ మాట హోటలాయనకు తానే ఫోన్లో చెప్తానని లారీ డ్రైవరుతో అంది. అతను కాసేపు గొణిగాడు, ఇంత ఇరుకు సందులోకి అనవసరంగా రప్పించారన్నాడు. నిజమే అంది. అతనికి కాఫీ ఇచ్చింది. అతను తాగాక ఆమె లారీ వెనక్కి వెళ్ళి, సందు మొదట్లో నిలబడి, వచ్చే సైకిళ్ళను ఒక చేత్తో ఆపుతూ, రెండో చేత్తో రా రా అని ఊపుతూ, ఏ గోడకూ తగలకుండా దాన్ని పెద్ద రోడ్డుదాకా వెనక్కి తీయించింది.