ఊడ్చేదాన్ని, నాకేం తెల్సు

మంచిగున్న ఒక ఆడపిల్లకు నేను పిచ్చి అంటగట్టిన. ఏండ్లసంది నేను మోస్తున్న బరువు ఇదే. దీన్ని ఇంకా చిన్నగ చెప్పొచ్చు. చిన్నగనే చెప్పుకున్న ఇన్నేండ్లు, నాకు నేనే. నిద్ర మాత్రం పట్టలే.

మీరెవరో నాకు తెల్వదు. అందుకే మీకు చెప్తున్న. నాకు రాసుడు రాదు, సంతకం వరకే. ఫోన్ల ఎర్ర గుండీ నొక్కి మాట్లాడుతున్న, విన్నోళ్లు కాయితం మీద పెడతరు. ఎర్ర గుండీ నొక్కుడు సుత ఆ పిల్లనే నేర్పింది. ఆమె తాన చిన్న టేపు మిషను ఉండె. "భయపడకండి ఆంటీ, అదేం కరవదు" అన్నది. కూసొని చెప్తె మాట వస్తలేదు. అర్రల ఈ మూల నుంచి ఆ మూలకు తిరుక్కుంట చెప్తున్న. మధ్యల చప్పుడు వినవడితే అది నా అడుగులది.

మా ఆయన మేస్త్రీ పని చేసెటోడు. పచ్చకామెర్లతోని పోయిండు. ఆయన పోయినంక నేను అమీర్‌పేటల ఒక ఆడపిల్లల హాస్టల్ల పనికి కుదిరిన. ఊడ్చుడు, తుడుసుడు, బాత్రూములు కడుగుడు. అప్పుడు అమీర్‌పేట అంటేనే కంప్యూటర్. ఏ గోడ చూసినా కోర్సుల కాయితాలే, ఒకదాని మీద ఒకటి అంటిచ్చి అంటిచ్చి గోడలు ఉబ్బిపోయినయి. హాస్టల్ పిల్లలు అన్నం తినుకుంట సుత ఇంగ్లీషుల ఏందేందో బట్టీ పట్టెటోళ్లు.

వాళ్లల్ల ఈ ఒక్క పిల్ల బొమ్మల కాలేజీకి పోయేది. కోస్తా పిల్ల. పేరు చెప్పను. వాళ్ల నాయిన ఒక షరతు మీద పంపిండు. పగలు బొమ్మలు నేర్చుకో, సాయంత్రం కంప్యూటర్ నేర్చుకో అని. ఆమె కంప్యూటర్ క్లాసుకు కొన్ని దినాలు పోయి బంద్ చేసింది. నాకు తెల్సు. ఆ టైముల ఆమె డాబా మీద నాతోనే ఉండేది.

ఒక్క పని మీద మనసు నిలవకపోయేది ఆ పిల్లకు. ముందుగాల బొగ్గుతోని బొమ్మలు. తలుపు కాడ పిల్లలు ఇడిసిన చెప్పులు గీసేది. నేను చూసి, ఇది ఫలాన పిల్లది, ఇది వార్డెనమ్మది అని గుర్తువట్టేదాన్ని. మంచిగ నవ్వుకునేటోళ్లం. కొన్ని దినాలకు బొగ్గు పక్కకు పెట్టి మట్టి తెచ్చింది. మట్టి ఆరకముందే టేపు మిషను. కండక్టర్ల అరుపులు, కుక్కర్ కూతలు, నా చీపురు చప్పుడు, అన్నీ పట్టుకొచ్చేది. చెవులల్ల తీగలు పెట్టుకొని ఒక్కతే నవ్వేది. మిషనుకు తానే ఏదో చెప్పుకునేది. ఇంకొన్నాళ్లకు నాటకం. ఎండల, బట్టల తీగ కింద కదలకుండ నిలబడేది. ఎందుకు బిడ్డా అంటే, "కదలకూడదు అనుకుంటే ఒంట్లో ముందు ఏది కదులుతుందో చూస్తున్నాను ఆంటీ" అన్నది. నాకు సగం సమజయింది, సగం కాలే. పక్కన మాత్రం కూసున్న.

మిగిలిన పిల్లలు ఆమెకు ఎర్రగడ్డ అని పేరు పెట్టిండ్రు. మా దిక్కు ఎర్రగడ్డ అంటే అందరికి ముందు యాదికొచ్చేది పిచ్చి దవాఖాన. "ఎర్రగడ్డ వస్తోంది, తప్పుకోండే" అనెటోళ్లు. ఆమె సుత తక్కువది గాదు. "తోసుకోకండి, అందరికీ బెడ్లు ఉన్నాయి" అనేది.

ఒకదినం నా చేతులు అడిగింది. విరిగిన కాలుకు కట్టు కడతరు చూడండి, ఆ తెల్ల పొడి తెచ్చింది. ప్లాస్టర్. గడ్డలు కట్టకుండ నీళ్లల్ల కలపాలె. నన్నే కలపమన్నది, కలిపిన. నా చేతులకు వాజిలైన్ రాసి మీద పోసింది. అది గట్టివడేటప్పుడు వేడెక్కుతది, ఆ సంగతి నాకు తెల్వదు. ఎవరో నా రెండు చేతులు పట్టుకొని ఇడుస్తలేరు అన్నట్టు అయింది. మా ఆయన పోయినంక నా చెయ్యి పట్టుకున్నోళ్లు లేరు. కండ్లల్ల నీళ్లొచ్చినయి. దుమ్ము పడ్డది అన్న. ఆమె సరే అన్నది.

ఆ అచ్చుల మళ్లీ పోస్తె నా చేతులు బయటికొచ్చినయి. గోర్ల కాడి పగుళ్లు సుత వచ్చినయి. చూసుకుంట కూసున్న. నా చేతులను అంతసేపు నేనెప్పుడు చూడలే.

ఇంకోసారి తన మొఖం మీద పొయ్యమన్నది. ముక్కుల రెండు కూల్‌డ్రింకు గొట్టాలు పెట్టుకొని పండుకున్నది. ప్లాస్టర్ కలిపి నేనే పోసిన. ఊపిరి ఆడుతుందా లేదా అని నా చెవి ఆ గొట్టాల కాడ పెట్టి కూసున్న. తన పానం నా చేతుల పెట్టింది ఆ పిల్ల. నేను తర్వాత చేసిన పనికి ముందు ఈ ముచ్చట మీకు తెలవాలె.

మొఖం అచ్చు అయినంక ఫోటోలు మొదలువెట్టింది. బాత్రూం కిటికీకి నల్ల దుప్పటి కట్టింది, ఎర్ర బల్బు పెట్టింది. తలుపేసుకొని లోపల కూసునేది. ఉత్త కాయితాన్ని మందు నీళ్లల్ల ఊపితే ఫోటోల మనిషి తేలి వచ్చేది, నాకు చూపిచ్చింది. కింద జిరాక్స్ షాపు నడిపే సుల్తానా బీని ఫోటోలు తీస్తుండె ఆ పిల్ల అప్పుడు. పొద్దుమాపు సుల్తానా కాడనే. ఆమె ముక్కు పుడక, ఆమె చున్నీ, ఆమె నవ్వు. నేను ఒకదినం చేతులు సబ్బుతోని తోముకొని, మంచి చీర కట్టుకొని పోయిన. నా చేతులు ఫోటో తియ్యవా బిడ్డా అన్న.

ఆమె తల ఎత్తలే. కెమెరా తుడుసుకుంట, "మీ చేతులు అయిపోయాయి కదా ఆంటీ" అన్నది.

గంతే. తిట్టలే, కసురుకోలే. ఉన్న మాటే అన్నది. మా ఆయన ఒక గోడ కట్టినంక ఇంకో గోడ కాడికి పోయెటోడు, మొదటి గోడ ఏడుస్తదా? ఇప్పుడు అట్ల అనుకుంట. అప్పుడు అనుకోలే. అయిపోయినయి అన్న మాట పట్టుకొని మెట్లు ఊడ్చిన, గిన్నెలు తోమిన, పండుకున్న, లేచిన. మనిషి చేతులు అయిపోతయా? నేను అయిపోయిన్నా? అప్పటికే మొగుడు పోయి, పుట్టింటి దిక్కు పిలుపులు ఆగిపోయి ఉన్న నేను, మళ్లీ ఒకరి కండ్లకు కనవడ్డ అని సంబురపడ్డ నేను.

ఆ వారమే వాళ్ల నాయిన వచ్చిండు.

చెప్పకుండ వచ్చిండు. కంప్యూటర్ క్లాసోళ్లు పిల్ల వస్తలేదని చెప్పిండ్రట. నేను మెట్లు ఊడుస్తున్న. పిల్ల కాలేజీల ఉన్నది. ఆయన మంచోడు, అది సుత చెప్పాలె. చేతుల పూతరేకుల డబ్బా ఉండె, ముందుగాల నాకు ఒకటి తీసి ఇచ్చిండు.

"మా అమ్మాయి ఎలా ఉంటోందమ్మా? క్లాసుకి వెళ్లట్లేదంట. చెడు సావాసాలేమన్నా..."

"సావాసాలు లేవు సార్. ఒక్కతే ఉంటది."

"ఒక్కత్తీ ఉండి ఏం చేస్తుందమ్మా?"

అప్పుడు చెప్పిన. "బాత్రూం కిటికీకి నల్ల దుప్పటి కడతది సార్. ఎర్ర బల్బు పెట్టుకొని చీకట్ల కూసుంటది. ఎవ్వరు లేకున్న మాట్లాడుతది, ఒక్కతే నవ్వుతది. ఎండల కదలకుండ నిలబడతది. మొఖానికి సున్నం లెక్క పోసుకొని పీనుగు తీరు పండుకుంటది."

ఆయన డబ్బా మెట్టు మీద పెట్టిండు. "మిగతా పిల్లలేమంటున్నారు?"

"ఎర్రగడ్డ అంటరు సార్."

"ఎర్రగడ్డ అంటే? ఏముందక్కడ?"

ఆయనది ఈ ఊరు గాదు, తెల్వదు. ఎర్రగడ్డల రైతుబజార్ ఉన్నది. నేను కూరగాయలకు పోయేది ఆడికే. ఏదో పిల్లల ఎగతాళి సార్, ఇడిసిపెట్టండి అంటే అయిపోయేది. నేను నోటితోని ఏం చెప్పలే. వేలు కణత కాడ పెట్టి తిప్పిన.

ఆయన సంచిల నుంచి నీళ్ల సీసా తీసిండు. మూత తియ్యకుండ అట్లనే పట్టుకొని నిలబడ్డడు.

నేను చెప్పినదాంట్ల ఒక్క అబద్ధం లేదు. అన్నీ చూసినవే. ఎన్నేండ్లో ఇదే మాట అడ్డం పెట్టుకొని బతికిన. కాని ఒక్కొక్క పని ఎందుకు చేస్తదో నాకు తెల్సు గద? ఎందుకో అన్నది తీసేసి, ఏం చేస్తదో అన్నది మాత్రం ఏరి ఏరి ఆయన చేతుల పోసిన. అబద్ధమాడితే ఎవరన్న పట్టుకుందురు. నిజమే చెప్పిన, అందుకే ఎవరు పట్టుకోలే.

ఆయన పైకి పోయి రూము చూసిండు. అల్మారాల కండ్లు మూసుకున్న తెల్ల మొఖం. తన బిడ్డదే. తెల్వనోళ్లకు అది చచ్చిన మొఖం తీరే కనవడతది. ఆయన మంచం కింద ఉన్న ఆమె పెట్టె బయటికి గుంజిండు.

పిల్ల వచ్చేసరికి బట్టలు సర్ది పెట్టిండు. ఇంటికి పోదాం, డాక్టరుకి చూపిద్దాం అంటుండు. ఆమెకు ముందు నవ్వొచ్చింది. ఆయన ఏడుస్తున్నడని చూసి నవ్వు ఆపింది. "నాన్నా, ఇదంతా కాలేజీ పని" అన్నది. ఆయన వింటలేడు. అప్పుడు తలుపు కాడున్న నా దిక్కు తిరిగింది.

"ఆంటీ, మీరు చెప్పండి నాన్నకి. ప్లాస్టర్ కలిపింది మీరే కదా."

చీపురు నా చేతులనే ఉండె. అవునంటే సార్ నన్ను ఏమంటడు? ఇందాక అట్లెందుకు చెప్పినవ్ అంటడు. కొలువు పోతదని భయం. భయం ఒక్కటేనా? కాదు. నా చేతులు అయిపోయినయి గద, మళ్లీ వాటితోని నీకేం పని, అనిపిచ్చింది. ఎవరికి చెప్పలే ఈ మాట ఇప్పటిదాక.

"నాకేం తెల్సు బిడ్డ, నేను ఊడ్చేదాన్ని" అన్న.

ఆమె కోపం చెయ్యలే. నన్ను చూసింది. చెప్పులు గీసేటప్పుడు ఎట్ల చూసేదో అట్ల చూసింది. తర్వాత టేపు మిషను సంచిల పెట్టుకొని నాయిన ఎంబడి దిగిపోయింది. పూతరేకుల డబ్బా మెట్టు మీద చీమలు వట్టింది.

కొన్ని నెలలకు ఆమె రూమ్మేటు ఆ పిల్ల ఊరికి పోయి చూసి వచ్చింది. ఆ దిక్కు ఎవరో డాక్టరు గోలీలు ఇస్తున్నడంట. కాలేజీ బంద్ అంట. మస్తు నిద్రపోతదంట. చేతులు వణుకుతయంట, గ్లాసు పట్టుకుంటె నీళ్లు ఒలుకుతయంట. పిల్లలు చెప్పుకుంటున్నరు, నేను మంచం కింద ఊడుస్తున్న. ఊడ్చిన తావునే ఊడ్చిన. నా చేతులు అయిపోయినయి అంటే ఓర్వలే, ఆమె చేతులే లేకుంట చేసిన.

ఆ పిల్ల ఇంటి ఫోన్ నంబరు రూమ్మేటు తాన ఉండె. తీసుకొని సుల్తానా షాపుకు పోయిన. ఆమె తాన ఫోను ఉండేది. "క్యా హోనా అమ్మా" అన్నది, ఏం కావాలె అని. ఫోన్ చెయ్యాలె అనలేక, రేషన్ కార్డు జిరాక్స్ తియ్యమన్న. మళ్లీ పోయిన, మళ్లీ జిరాక్స్. నా పెట్టెల గన్ని రేషన్ కార్డు జిరాక్సులు ఎందుకున్నయో నా కోడలికి ఇప్పటికీ సమజ్ కాదు. తర్వాత ఆ రూమ్మేటుకు కొలువు దొరికి పోయింది. ఆ పిల్ల సంగతి ఇంక తెలవలే. బాగయిందో లేదో, బొమ్మలు వేస్తుందో లేదో.

ఇంకొకటి ఉన్నది. రూములున్న సామాను పారెయ్యమని వార్డెనమ్మ చెప్పింది. మట్టి బొమ్మలు, కాయితాలు, ఆ తెల్ల మొఖం, అన్నీ గోనెసంచిల వేసుకొని పోయి పంజాగుట్ట పొయ్యే తొవ్వల చెత్తకుండిల వేసిన. నా చేతులు మాత్రం కొంగుల చుట్టుకొని ఇంటికి తెచ్చుకున్న. ఆమె మొఖం పారేసి నా చేతులు దాచుకున్న. ఆడ సుత నన్నే దాచుకున్న.

అవి ఇప్పుడు ఈ అర్రల, కిటికీ మీద ఉన్నయి. తిరిగినప్పుడల్ల కనవడతయి. నా వేళ్ల కీళ్లు వాచినయి, వాటి పక్కన పెడితే నావి కానట్టున్నయి. వాటికి చిటికెన వేలు విరిగింది, నాకు ఉన్నది.

నన్ను మన్నించమని అడగను. అడగాలంటే ఆమెనే అడగాలె, ఆమె ఎక్కడున్నదో తెల్వదు. మీరు మన్నిస్తే నాకు తక్లీఫ్ తగ్గుతదేమో, ఆమె చేతులకు తగ్గదు. ఆ దినం ఆమె నన్ను అడిగింది ఒక్కటే. దానికన్న జవాబు చెప్పి ఈ గుండీ నొక్కుత.

సార్, మీ బిడ్డ మంచిగున్నది. ఎర్ర బల్బు ఫోటోల కోసం. నల్ల దుప్పటి వెలుగు రాకుండ. మిషనుతోని మాట్లాడితే అది పని. ఎండల నిలబడ్డప్పుడు నేను పక్కనే కూసున్న. నాకు తెల్సు సార్, అన్నీ తెల్సు.

అవు బిడ్డా. ప్లాస్టర్ కలిపింది నేనే.