సంచుల గది ముఅల్లా

ఇస్తాంబుల్‌లో బెయోలూ పేట సందుల వెనక, మెట్లు దిగి వెళ్ళే 'కుమ్రు' బారులో సంచుల గది ముఅల్లాది. ఒకప్పుడు ఆమె నాటకశాలలో జనం తొడుక్కొచ్చిన కోట్లు దాచిపెట్టి నంబరు బిళ్ళలు ఇచ్చేది. అది మూతపడ్డాక ఇక్కడ చేరింది. అక్కడ జనం కోటు విప్పి ఇచ్చేవాళ్ళు. ఇక్కడ ఇంటి మనిషినే విప్పి ఇస్తారు. బ్యాంకు ఉద్యోగం చొక్కా, మామగారు కొనిచ్చిన బూట్లు, పెళ్ళి ఉంగరం, అన్నీ ఒక సంచిలో కుక్కి ఆమె చేతిలో పెట్టి, పట్టు గౌనో తళుకుల చొక్కానో తొడుక్కుని లోపలికి పోతారు. తెల్లారేసరికి మళ్ళీ ఇంటి మనుషులై వెళ్తారు. బిళ్ళ పారేసుకున్నవాళ్ళను ముఅల్లా తిట్టే తిట్లు వినడానికే కొందరు కావాలని పారేసుకుంటారని బారులో చెప్పుకుంటారు.

ఆ గదికి ఒకటే కట్టుబాటు. ఎవరొచ్చి ఎవరి గురించి అడిగినా ఆ పేరే వినలేదనాలి. లేడు అనకూడదు. ఇవాళ రాలేదు అని అసలే అనకూడదు. కొత్తగా చేరినవాళ్ళకు ఈ పాఠం చెప్పేది ముఅల్లాయే.

జూన్ చివరి వారం, ఇలా ఇంట్లో దాచుకుని బతికే మగవేషాల, ఆడవేషాల వాళ్ళందరి పండుగ, ప్రైడ్. పగలు బొమ్మల ప్రదర్శనలు, సాయంత్రం నాటకాలు, ఆపైన తెల్లవార్లూ ఆటాపాటా. ఊరేగింపుకు అనుమతి లేదు కాబట్టి ఎక్కడ కలుసుకోవాలో చివరి క్షణంలో చెవిలో చెప్పుకుంటారు. ఆ ఏడు పోలీసు బండి సోమవారమే వచ్చి సందు మొదట నిలబడింది. కుర్రాళ్ళు దాని పక్కనుంచే నవ్వుకుంటూ పోతున్నారు. ముఅల్లాకు మాత్రం వారమంతా అన్నం సహించలేదు.

ఆమె భయం పోలీసుల గురించి కాదు, సెర్హాన్ గురించి. ఆడవేషం కట్టి 'నెర్గిస్' పేరుతో పాడతాడు. పగలు బొమ్మలు వేస్తాడు. ఆ వారం అతని బొమ్మలు మొదటిసారి నలుగురి ముందు గోడకెక్కాయి. తూర్పు కొండల్లోని ఊరి నుంచి చెప్పాపెట్టకుండా వచ్చేసినవాడు. చలికాలంలో ఎవరో ఈ బారులో అతను పాడిన పాటను ఫోనులో పట్టి లోకం మీదికి వదిలారు. అది చూసిన పెద్దన్న, వాడు దొరికిన రోజే వాడికి ఆఖరి రోజని తల్లి ఎదుట ఒట్టు వేశాడట. చెల్లెలు రహస్యంగా కబురు పెట్టింది. ఊరు మారమని ముఅల్లా నెత్తీనోరూ కొట్టుకుంది. బొమ్మలు దించేదాకా కదలనన్నాడు వాడు. మొండిఘటం.

గురువారం మధ్యాహ్నం షట్టరు సగమెత్తి ముఅల్లా నేల తుడుస్తోంది. ఒకాయన వంగి లోపలికొచ్చాడు. ఇస్త్రీ చొక్కా, మెత్తని గొంతు. చేతిలో గుడ్డ కట్టిన గిన్నె.

"అక్కా, ఇది సెర్హాన్‌కి. అమ్మ పంపింది," అంటూ ముందుకు చాచాడు.

ఎవరేది చాచినా అందుకోవడం, బిళ్ళ ఇవ్వడం ఆమె చేతులకు జన్మకంతా అలవాటు. అందుకుంది. బిళ్ళ ఇచ్చింది. ఆయన దాన్ని తిప్పి చూసి జేబులో వేసుకుని, దేవుడు నిన్ను చల్లగా చూడాలని దీవించి వెళ్ళిపోయాడు. ఆయన మెట్లెక్కాక గానీ ఆమెకు తెలియలేదు, నోటితో చెప్పకూడనిది చేత్తో చెప్పేసిందని.

సాయంత్రం సెర్హాన్ సంచి ఇచ్చి వేషం కట్టుకుని రాగానే అంతా చెప్పేసి ఏడ్చింది. వాడు గిన్నె అందుకున్నాడు. గుడ్డ విప్పాడు. ద్రాక్షాకుల్లో బియ్యం చుట్టి వండిన చుట్టలు. ఆకు మడత అమ్మదేనన్నాడు. ఒకటి నోట్లో వేసుకుని ఆగిపోయాడు. ముఅల్లాకూ ఒకటి ఇచ్చాడు. ఉప్పు కషాయం.

"మా అమ్మకి ఉప్పు ఎప్పుడూ తప్పదక్కా. నాన్నా అన్నయ్యా పక్కనే నిలబడి వండించుంటారు. నోరు విప్పి చెప్పలేక ఇలా చెప్పింది, పారిపొమ్మని."

అలా అంటూనే మిగిలినవీ ఒక్కొక్కటే తిన్నాడు, కళ్ళు తుడుచుకుంటూ.

ఆపైన ఆమె క్షణం ఆలస్యం చెయ్యలేదు. ఇజ్మీర్ ఊళ్ళో ఉన్న తన పిన్ని కూతురికి ఫోను చేసి వాడికి చోటు అడిగింది. బస్సు టిక్కెట్టు కొంది. వాడి ఇంటి బట్టల సంచి తీసి తనే చొక్కా గుండీలు పెట్టింది. బొమ్మలు జాగ్రత్తగా దించి దాస్తానని మాటిచ్చి, వెనక గుమ్మం నుంచి బస్టాండుకు టాక్సీ ఎక్కించింది. పసుపు బొమ్మకు రంగింకా ఆరలేదు, ఎవర్నీ ముట్టుకోనివ్వకు అని మాత్రం అన్నాడు.

చీకటి పడుతుండగా ఆ పెద్దన్న మళ్ళీ వచ్చాడు. అతని వెనక, బారుకొచ్చిన కుర్రాళ్ళు సంచులు పట్టుకుని వరస కట్టి ఉన్నారు. ఈసారి ముఅల్లా తడబడలేదు.

"ఆ పేరుగలవాళ్ళు ఇక్కడెవరూ లేరు బాబూ."

"తెలుసక్కా. గిన్నె కోసం వచ్చాను."

కడిగిన గిన్నె ఇచ్చింది. పీడ విరగడైందనుకుంది. అతను మాత్రం కదల్లేదు. ఇంతమంది మధ్య, పోలీసుల కళ్ళ ముందు వాణ్ణి ముట్టుకోలేమని, వాడంతట వాడే బయటికి రావాలని ముందే అనుకున్నామని నెమ్మదిగా చెప్పాడు.

"అమ్మ ఉప్పు గుమ్మరిస్తుంటే చూశాను. ఊరుకున్నాను. బస్టాండులో నాన్న ఉన్నాడు."

గిన్నె చంకలో పెట్టుకుని వెళ్ళిపోయాడు. ముఅల్లా సెర్హాన్‌కు ఫోను చేసింది. అవతల మోగుతూనే ఉంది.